కాటారం చుట్టూ ఎన్ని హద్దులు

మనుషులకూ నేలకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించేది మానవ భూగోళశాస్త్రం. ఏ ఊరు ఎక్కడ వెలిసింది, అక్కడే ఎందుకు వెలిసింది, ఏ భాష ఎంతవరకు వినిపిస్తుంది, ఏ నేలలో వరి పండుతుంది, ఏ నేల బీడుగా మిగులుతుంది, ఏ ఊరివాళ్లు ఏ అంగడికి పోతారు అన్న ప్రశ్నలన్నీ దాని పరిధిలోకి వస్తాయి. భూగోళం అనగానే నదుల పొడవులూ పర్వతాల ఎత్తులూ కంఠస్థం చేయించే అలవాటు వల్ల ఈ శాస్త్రంలో సగభాగం, నిజానికి మెరుగైన సగభాగం, చాలామందికి పరిచయం కాకుండానే పోయింది. దాన్ని పరిచయం చేసుకోవడానికి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోని కాటారం మండలం చక్కని చోటు, ఎందుకంటే పాలన గీసిన హద్దు, భాష హద్దు, అంగడి హద్దు, నేల హద్దు అక్కడ ఒకదానితో ఒకటి కలిసి రావు.

ఒక ఊరి ఉనికిని ఈ శాస్త్రం రెండు విధాలుగా చూస్తుంది. ఊరు నిలిచిన నేల, దాని మట్టి, నీటి వసతి, ఎత్తుపల్లాలు మొదటిది. దీన్ని స్థలం అంటారు. చుట్టుపక్కల ఊళ్లతో, దారులతో, నదులతో ఆ ఊరికి ఉన్న సంబంధం రెండోది. దీన్ని స్థితి అంటారు. చెరువులు, చెల్కలు, అడవి అంచు ఉన్న కాటారం స్థలం ఉత్తర తెలంగాణలోని ఎన్నో ఊళ్ల వంటిదే కాగా, దాని ప్రత్యేకత అంతా స్థితిలోనే ఉంది: మంథని నుంచి వచ్చే దారి, భూపాలపల్లి నుంచి వచ్చే దారి, కాళేశ్వరం వైపు పోయే దారి అక్కడ కలుస్తాయి, మహారాష్ట్రలోని గడ్చిరోలి, సిరొంచల మీదుగా గోదావరి దాటి పరకాల వైపు సాగే జాతీయ రహదారి కూడా ఆ ఊరిగుండానే పోతుంది. మండలంలోని ప్రతాపగిరి గుట్టమీద అడవి నడుమ పాత కోట ఉండటాన్ని బట్టి, ఈ దారులపై పాలకుల కన్ను నేటిది కాదని అనుకోవచ్చు.

ప్రాంతం అన్న మాటను భూగోళ శాస్త్రజ్ఞులు ఒకే అర్థంలో వాడరు. ప్రభుత్వం గీతగీసి ప్రకటించినది, లేదా ఒకే రకం పంటో భాషో పరుచుకున్నది లాంఛన ప్రాంతం. ఒక కేంద్రం చుట్టూ రాకపోకలతో అల్లుకున్నది కార్యాత్మక ప్రాంతం. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో జిల్లాలు మళ్లీ ఏర్పడినప్పుడు, అప్పటిదాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న కాటారం, మహాదేవపూర్, మల్హర్‌రావు, మహాముత్తారం మండలాలు భూపాలపల్లి కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరగా, ఆ మండలాలకు తరతరాలుగా పెద్ద ఊరైన మంథని పెద్దపల్లి జిల్లాలోకి వెళ్లింది. అయినా శాసనసభకు మాత్రం ఈ మండలాలు నేటికీ మంథని నియోజకవర్గంలోనే ఉన్నాయి. అంటే కాటారం రైతు కలెక్టర్‌కు దరఖాస్తు ఇవ్వాలంటే దక్షిణాన భూపాలపల్లికి పోవాలి. ఓటు వేసేది మాత్రం మంథని శాసనసభ్యుడికి. బంధుత్వాలూ కొనుగోళ్లూ గెజిట్ వెలువడిన రోజునే దారి మార్చుకోవు కనుక, లాంఛన ప్రాంతం మారినంత వేగంగా కార్యాత్మక ప్రాంతం మారదన్న సూత్రానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

భాష విషయంలో పాలన హద్దుకూ జనజీవనానికీ మధ్య ఈ ఎడం ఇంకా పాతది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది; ఆ సంగమానికి అవతల ఉన్న సిరొంచ మహారాష్ట్రలోనిది, కానీ అక్కడి జనంలో అధికులు మాట్లాడేది తెలుగే. 1860లో నిజాం ప్రభుత్వం గోదావరి ఎడమ గట్టు తాలూకాలను బ్రిటిష్ వారికి అప్పగించగా సిరొంచ ఎగువ గోదావరి జిల్లాలో, తరువాత చాందా జిల్లాలో భాగమై, ఆ దారిన సెంట్రల్ ప్రావిన్సుల నుంచి చివరకు మహారాష్ట్రకు చేరింది. నది రాజ్యాలను విడదీసింది గాని మాటను విడదీయలేదు. పెళ్లి సంబంధాలు, కాళేశ్వర ముక్తీశ్వరస్వామి దర్శనాలు, వ్యాపారం పడవలమీద సాగుతూనే వచ్చాయి, వంతెన వచ్చాక ఇంకా పెరిగాయి. ఒకే గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ ఆలయానికి రెండు రాష్ట్రాల భక్తులూ వస్తారు.

తెలుగులోనే ఉన్న తేడాలను పటంమీద చూపే పద్ధతి కూడా ఉంది. ఒక వస్తువుకు ఒక పేరు ఎక్కడ ఆగి మరో పేరు ఎక్కడ మొదలవుతుందో గుర్తించి గీసే రేఖలు పలుచోట్ల దగ్గరదగ్గరగా వస్తే అక్కడ మాండలికాల హద్దు ఉన్నట్టు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం రైతుల నోటి నుంచి వ్యవసాయ పదాలను సేకరించింది. అటువంటి సామగ్రి ఆధారంగానే ఆయన తెలుగు నేలను నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళ కన్నడాలేనని చాలామంది అనుకుంటారు. ద్రావిడ భాషల వర్గీకరణలో మాత్రం తెలుగు ఉన్న శాఖలోనే గోండీ, కువి, కొండ భాషలు కూడా ఉన్నాయి. గోదావరి అడవుల్లో వినిపించే గోండీని, దానిలో భాగమైన కోయను పరాయి భాషలుగా చూడటం తెలియనితనమే తప్ప వేరు కాదు.

భూ వినియోగం అంటే ఒక నేలను మనుషులు ఏ పనికి వాడుతున్నారన్న లెక్క. దీనికి తొలి సిద్ధాంతాన్ని 1826లో జర్మన్ భూస్వామి ఫాన్ ట్యూనెన్ ఇచ్చాడు: పట్టణం మధ్యలో ఉంటే, త్వరగా చెడిపోయే పాలు, కూరగాయలు దాని దగ్గరా, దూరం పోయే కొద్దీ ధాన్యం, చివరన పశువుల మేతా వలయాలుగా ఏర్పడతాయని, రవాణా ఖర్చే ఆ వలయాలను నిర్ణయిస్తుందని ఆయన వాదం. తెలంగాణ పల్లెలో ఆ వలయాలకు కేంద్రం పట్టణం కాదు, చెరువు. కట్ట కింద తూముకు ఆనుకుని ఉన్న ఆయకట్టులో వరి. కాలువ చివరకు పోయే కొద్దీ నీరు అనుమానమై ఆరుతడి పంటలు. నీరు ఎక్కని చెల్కల్లో పత్తి. ఆ పైన మేత బీళ్లు, అడవి. కట్టకు లోపలి వైపు నీరు నిలిచే శిఖం భూమి కథ మరీ ఆసక్తికరం: వానాకాలంలో అది చేపల చెరువు, యాసంగి చివర నీరు తగ్గుతుంటే పశువులకు మేత, కొన్నిచోట్ల పంట కూడా. ఒకే నేల ఏడాదిలో మూడు పనులు చేస్తుంటే దాన్ని ఒకే గడిలో నమోదు చేసే రికార్డు ఎంతవరకు నిజం చెబుతుంది? నిజాం కాలపు లెక్కల్లో తరి, ఖుష్కి అని తడి, మెట్ట భూములను వేరుచేసి, తడి పంటను మళ్లీ ఆబి, తాబి అని కాలాన్ని బట్టి విడదీసిన పద్ధతి ఈ విషయంలో నేటి గడుల కన్నా సూక్ష్మమైనది.

ట్యూనెన్ చెప్పింది ఈ నేలమీద అసలు వర్తించదని కాదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఎంతో దూరం నుంచి వస్తుంది. ఎండిన మిర్చి చెడిపోదు, బరువుతో పోలిస్తే ఎక్కువ ధరే పలుకుతుంది, కనుక లారీ కిరాయిని భరించగలదు, అదే కిరాయి టమాటను ముంచుతుంది. 1933లో వాల్టర్ క్రిస్టాలర్ ప్రతిపాదించిన కేంద్ర స్థల సిద్ధాంతం దీనికి తోడు: ఉప్పు, సబ్బు కొనడానికి ఊళ్లోని కొట్టు చాలు, ఎరువులకూ బ్యాంకుకూ కాటారం కావాలి, పెద్ద వైద్యానికి వరంగల్ లేదా హైదరాబాద్ పోవాలి.

రికార్డుకూ నేలకూ ఉన్న దూరం అడవిలో మరింత పెరుగుతుంది. ప్రభుత్వ లెక్కలో అడవిగా ఉన్న చోట పోడు సాగవుతుంటుంది. కాగితం చెప్పేది ఒకటి, కనిపించే పైరు మరొకటి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి ఆదివాసుల సాగులో ఉంటే హక్కు గుర్తించాలని చెప్పడంతో, ఆ రోజున ఎక్కడ దున్నారన్నది ఒక కుటుంబ భవిష్యత్తును తేల్చే భూగోళ ప్రశ్నగా మారింది.

ఈ జిల్లాలోనే దొరికే బొగ్గు విషయం అంతకన్నా సూటిగా ఉంటుంది. వాడే ముడిసరుకు బరువు తయారీలో తగ్గిపోయేటప్పుడు కర్మాగారం ముడిసరుకు దగ్గరికే వస్తుందని ఆల్‌ఫ్రెడ్ వేబర్ 1909లో రాశాడు. భూపాలపల్లి గనుల చేరువన చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం నిలబడటానికి కారణం అదే. కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టులో భాగంగా గోదావరిపై కట్టిన మేడిగడ్డ బ్యారేజీ మాత్రం ఏ సిద్ధాంతానికీ అంత సులువుగా లొంగదు. వంద మీటర్ల నీటిమట్టానికి 2016 ఆగస్టు 23న తెలంగాణ, మహారాష్ట్ర ఒప్పందం చేసుకున్నాయి, 2019 జూన్ 21న ప్రాజెక్టు ప్రారంభమైంది, 2023 అక్టోబర్‌లో బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. దూరపు ఆయకట్టుకోసం కట్టిన కట్టడం దగ్గరి గట్ల మీది చేలనూ మార్చింది. నష్టపరిహారం ఏ రాష్ట్రానిదన్న ప్రశ్న ఒకే భాష మాట్లాడే రెండు గట్ల రైతులను వేర్వేరు కార్యాలయాలకు పంపింది.

ఇకమీద మండలమో జిల్లానో విడదీసే ముందు, ఆ ఊళ్లవాళ్లు ఏ అంగడికి, ఏ ఆసుపత్రికి, ఏ బడికి పోతున్నారో అడిగి పటం గీయించడం ప్రభుత్వ బాధ్యత. బడుల్లో ఉపాధ్యాయులు ఆ పనిని అంతకన్నా ముందే మొదలుపెట్టవచ్చు: పిల్లలచేత తమ ఊరి చెరువు, ఆయకట్టు, శిఖం, చెల్క, బీడు, అడవి గుర్తిస్తూ వానాకాలంలో ఒక పటం, యాసంగిలో మరో పటం గీయించి గ్రామ పంచాయతీ కార్యాలయంలో పెట్టించాలి.