బహుళ క్రోనోగ్రాఫ్

బహుళ క్రోనోగ్రాఫ్ అనేది ఏడుగురు ఆటగాళ్ళ ప్రతిచర్యా కాలాన్ని ఏకకాలంలో నమోదు చేయుటకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ ఆర్. మైల్స్ 1920వ దశకంలో రూపొందించిన కాలమాపక యంత్రము. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ క్రీడాకారులను దీనితో పరీక్షించారు. సంకేతం అందిన క్షణం నుండి దేహం స్పందించే వరకు పట్టే వ్యవధిని ప్రతిచర్యా కాలం అంటారు. సరళమైన సంకేతానికి ఆరోగ్యవంతులైన యువకులలో ఇది సుమారు 0.2 సెకను ఉంటుంది.

పూర్వరంగం

క్రీడాకారుల చురుకుదనాన్ని కొలిచే ప్రయత్నాలు అంతకు ముందే జరిగాయి. యేల్ విశ్వవిద్యాలయంలో ఇ. డబ్ల్యు. స్క్రిప్చర్ 1894లో కత్తిసాము చేసేవారిని పరీక్షించాడు. ఆశ్చర్యకరంగా, సరళ ప్రతిచర్యలో వారు ప్రయోగశాలలో అలవాటుపడిన శాస్త్రజ్ఞులకంటే మిన్నగా కనబడలేదు. కదలిక మొదలైన తరువాత దానిని పూర్తిచేయుటలోనే వారి ఆధిక్యం ఉన్నది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కోల్మన్ గ్రిఫిత్ 1925లో క్రీడా పరిశోధనశాలను నెలకొల్పాడు. అది 1932లో మూతపడింది.

ఆటలోని సమస్య

ఇక్కడ ఫుట్‌బాల్ అనగా తెలుగువారికి పరిచితమైన ఆట కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. ఇందులో బంతి గల జట్టు నుండి కనీసం ఏడుగురు ముందువరుసలో వంగి నిలబడతారు. బంతి కదలగానే అందరూ ఒక్కుమ్మడిగా ఎదుటివారిపైకి దూకాలి. ఆలస్యమైతే ఎదుటి వరుస పైచేయి సాధిస్తుంది, తొందరపడితే 5 గజాల శిక్ష పడుతుంది. అందువలన వేగమొక్కటే చాలదు, సరియైన క్షణానికి కదలడమూ ముఖ్యమే. పైగా ఒక్కడు వెనుకబడినా వరుసలో సందు ఏర్పడుతుంది కనుక ఒక్కొక్కరినీ విడివిడిగా పరీక్షించినందువలన శిక్షకునికి కలిగే ప్రయోజనం స్వల్పం.

పనిచేయు విధానం

ప్రతి ఆటగాడి ఎదుట ఒక అడ్డు ఉంటుంది. సంకేతం విని అతడు ముందుకు దూకి దానిని నెట్టగానే, అతనికి కేటాయించిన గోల్ఫ్ బంతి పట్టు వీడి, సమవేగంతో తిరుగుతున్న డ్రమ్ముపైనున్న కాగితం మీద పడి గుర్తు వేస్తుంది. బంతులన్నీ ఒకే ఎత్తు నుండి పడతాయి కాబట్టి పడుటకు పట్టే సమయం అందరికీ సమానమే. గుర్తుల మధ్య దూరాన్ని కొలిస్తే ఎవరెంత వెనుకబడినదీ తెలుస్తుంది. నాటి ప్రయోగశాలలలోని సున్నితమైన గడియారాలతో పోలిస్తే ఇది మోటు యంత్రమే గాని, మైదానపు అవసరానికి చక్కగా సరిపోయింది. అయితే ఇందులో నమోదయ్యేది శుద్ధ ప్రతిచర్యా కాలం కాదు, దేహం కదలుటకు పట్టిన సమయం కూడా అందులో కలిసే ఉంటుంది.

సంకేతాల పరిశీలన

1927లో మైల్స్ వద్ద పరిశోధక విద్యార్థిగా ఉన్న బి. సి. గ్రేవ్స్, ప్రసిద్ధ శిక్షకుడు పాప్ వార్నర్ సహకారంతో, సంకేతాలను పలికే తీరు మారితే ఆటగాళ్ళు దూకే వేగం ఎలా మారుతుందో పరిశీలించాడు. ఈ ప్రశ్న కీలకమైనది. సంకేతాలు లయబద్ధంగా వస్తే ఆటగాడు తరువాతి క్షణాన్ని ముందే ఊహించగలడు. అప్పుడు కొలతకు వచ్చేది ప్రతిచర్య కాదు, అంచనా. విరామాలు మారుతూ ఉంటే ప్రతిచర్యా కాలం పెరుగుతుంది. పరుగు పందాలలో తుపాకీ పేలిన 0.1 సెకనులోపు కదలినవారిని ముందే బయలుదేరినట్లు పరిగణించడానికి ఆధారం కూడా ఇదే: అంత త్వరగా స్పందించుట మానవులకు అసాధ్యమని భావించడం. స్టాన్‌ఫర్డ్ ఫలితాలు 1931లో వెలువడ్డాయి.

మైల్స్ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు, క్రీడా పరిశోధనను కొనసాగించలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాత్రిపూట విమానం నడిపేవారి కళ్ళు చీకటికి అలవాటుపడుటకు ఎర్ర కళ్ళద్దాలను సూచించినది ఇతడే.