గర్జె నోరు విప్పొద్దు!

చాక్లెట్‌ని మైదాపిండి జారులో ముంచి కాగే నూనెలో వేయిస్తే? ‘ఇదేం తిండిరా బాబూ’ అనుకోకండి. స్కాట్లాండ్‌లో చేపలూ ఆలూ వేపుడూ అమ్మే చిప్స్ దుకాణాల్లో అదో పేరున్న మిఠాయి. 1990ల్లో స్టోన్‌హేవెన్ అనే ఊళ్లో మొదలైందని చెప్పే ఆ ‘మార్స్ బార్’ వేపుడు గురించి 2004లో ఆరా తీస్తే, జవాబిచ్చిన దుకాణాల్లో ప్రతి ఐదింటిలో ఒకటి దాన్ని అమ్ముతోందని తేలింది.

తీపిని పిండిలో దాచి నూనెలో దించే విద్య కరీంనగర్, ఆదిలాబాద్ ఆడవాళ్లకు కొత్తేం కాదు. వాళ్లు చేసేవి గర్జెలు. కోస్తాలో వీటినే కజ్జికాయలంటారు. ఆదిలాబాద్ సరిహద్దు దాటి మహారాష్ట్రలోకి వెళ్తే కరంజీలు, ఉత్తరాదిన గుజియాలు. సంక్రాంతికి సకినాల పక్కన ఇవి ఉండాల్సిందే. ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు సారెలోనూ వీటికి చోటుంటుంది.

వేయించిన రవ్వ, ఎండుకొబ్బరి తురుము, చక్కెర, పుట్నాల పొడి, యాలకులు... లోపలి సరుకు ఇంతే. కష్టమంతా అంచు దగ్గరే. చిన్న పూరీలో పొడి పెట్టి, అంచుకు తడి అద్ది, అర్ధచంద్రంలా మడిచి గట్టిగా ఒత్తాలి. చేయి తిరిగినవాళ్లు అంచును జడలా మెలిపెడతారు. మిగతావాళ్లకు అచ్చులున్నాయి. పొడి ఎక్కువ కూరినా, తడి సరిగ్గా అంటకపోయినా మూకుడులో గర్జె నోరు తెరుస్తుంది. చక్కెర నూనెలో పడి మాడుతుంది. ఆ నల్లటి నలకలు తర్వాతి వాయి గర్జెలన్నిటికీ అంటుకుని చేదెక్కిస్తాయి. ఒక్కటి విచ్చిందంటే నూనె వడకట్టాల్సిందే!

ఇంట్లో అయితే ఆ నష్టం ఒక వాయితో సరి. వీటినే జీవనాధారం చేసుకుని అమ్మేవాళ్లకు మాత్రం నూనె ఖర్చే పెద్ద బరువు. అలాగని వాడిందే వాడటానికి వీల్లేదు. మళ్లీమళ్లీ కాచిన నూనెలో పెరిగే ‘పోలార్ కాంపౌండ్స్’ 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతటా నిబంధన ఉంది. నూనె నల్లబడినా, చిక్కబడినా, నురగ కట్టినా పారబోయడమే మేలు. కొనేవాళ్లూ ఓసారి మూకుడు వైపు చూడటం మంచిది.

గర్జె గొప్పతనం నిల్వలోనూ ఉంది. పచ్చికొబ్బరి వేస్తే రెండు మూడు రోజులే. ఎండుకొబ్బరితో చేసి సన్నమంట మీద వేయించి, పూర్తిగా ఆరాక డబ్బాకెత్తితే పదిహేను రోజులైనా కరకరలాడతాయి. అందుకే జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కొడుకు సంచీలో సకినాలతో పాటు వీటినీ సర్దుతారు. దుబాయ్‌లోని గదిలో డబ్బా మూత తీస్తే పదిమంది చేతులు చాస్తారు.

ఆ పదిమందికీ గర్జె విరగకుండా చేరాలంటే... ఇక్కడ అమ్మ ఒత్తిన అంచు గట్టిగా ఉండాలి!