ముప్పై రోజుల మోత

మానవపాడు వైపు బావుల్లో ఈత నేర్చినవాళ్లకు ఈ ఆట తెలిసే ఉంటుంది. ఒకడు మునిగి రెండు గులకరాళ్లు టకటకా కొడతాడు. అవతలి మూల మునిగినవాడికి చెవి పక్కనే కొట్టినట్టుంటుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలో కన్నా నాలుగింతల వేగం. రేడియో అలలు మాత్రం ఉప్పునీళ్లలో దిగీదిగగానే చచ్చిపోతాయి.

అందుకే విమానం బ్లాక్‌బాక్సుకు (రంగు నారింజే లెండి) చిన్న టార్చిలైటంత గొట్టం ఒకటి బిగిస్తారు. అదే బీకన్. నీళ్లు తగలగానే స్విచ్చి తనంతట తానే పడుతుంది. ఇక సెకనుకోసారి 37.5 కిలోహెర్ట్జ్ మోత. మన చెవి 20 దాటితే అందుకోలేదు, హైడ్రోఫోన్ (నీళ్లలో వినే మైకు) దించాల్సిందే. వినబడేది రెండు మూడు కిలోమీటర్ల వరకే. బ్యాటరీ చూస్తే అప్పట్లో 30 రోజులే. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్‌ఫ్రాన్స్ 447 బీకన్ల మోత ఎవరికీ అందలేదు. దాదాపు రెండేళ్లకు గానీ ప్రధాన శిథిలాలు దొరకలేదు, అవీ 3,900 మీటర్ల అడుగున. ఆ దెబ్బతోనే బ్యాటరీని 90 రోజులకు పెంచారు.

బంగాళాఖాతంలో 2015 జూన్ 8న కోస్ట్‌గార్డ్ డోర్నియర్ విమానం మాయమైంది. దాని బీకన్ పలికింది. ఐఎన్ఎస్ సింధుధ్వజ్ జలాంతర్గామి ఆ మోత పట్టుకుంది. జులైలో, దాదాపు వెయ్యి మీటర్ల లోతు నుంచి బ్లాక్‌బాక్సు పైకొచ్చింది.

మరుసటి ఏడు అలా జరగలేదు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు బయల్దేరిన వాయుసేన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. అందులో ఎనిమిది మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఓడలు, విమానాలు వారాల తరబడి గాలించాయి. ఏ మోతా వినబడలేదు.

అవతలివాడు పలకనప్పుడు మనమే కేకెయ్యాలి. పాడుబావిలోకి వంగి ‘ఓయ్’ అంటే గోడ తిరిగి అంటుంది చూడండి, సోనార్ పని అదే. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ (ఎన్ఐఓటీ) తన మానవరహిత జలాంతర వాహనాన్ని ఆ విమానం చివరిసారి కనిపించిన చోటికి దించింది. 3,400 మీటర్ల లోతు. సోనార్ కేకలకు అడుగు నుంచి వచ్చిన బదుళ్లను బొమ్మగా కూర్చారు, పక్కనే ఫొటోలూ తీశారు. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరాన, విరిగిన విమానం ముక్కలు.

రక్షణశాఖ ఆ సంగతి ప్రకటించింది 2024 జనవరి 12న. విశాఖలో ఆ ఎనిమిది ఇళ్లు అప్పటికి ఏడున్నరేళ్లుగా ఎదురుచూస్తున్నాయి.