మడచెట్టుకు కాపలా ఎవరు?

విజయవాడ ప్రకాశం బ్యారేజి మీద నిలబడి కిందికి దూకే నీటిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నీరు ఎక్కడికి పోతుంది? పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తుంది. అక్కడ మంచినీరూ ఉప్పునీరూ కలిసే బురదలో పెరిగేవే మడ అడవులు. సొర్లగొంది, నాచుగుంట వైపు వెళితే బురదలోంచి పెన్సిళ్ళలా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు కనిపిస్తాయి. బురదలో గాలి ఆడదు కదా! అందుకే తెల్లమడ, నల్లమడ చెట్లు ఆ వేళ్ళతో గాలి పీల్చుకుంటాయి.

1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. అంతటి ఉప్పెనను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. కాని దట్టమైన మడ అడవి అలల జోరు తగ్గిస్తుంది. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు, పీతలకు నీడనిస్తుంది. అయినా వంటచెరకు కోసం, రొయ్యల చెరువుల కోసం చాలాచోట్ల దాన్ని నరికేశాం.

నరికినచోట మళ్ళీ మొక్కలు నాటితే సరిపోదా? సరిపోదు. చెట్లు పోయాక ఎండకు నేల ఆరి కుంగుతుంది. ఆ పల్లంలో నిలిచిన నీరు ఆవిరై, ఉప్పు మాత్రం మిగులుతుంది. ఏటేటా ఉప్పు పెరిగి, మడమొక్క కూడా బతకలేని చౌడుగా మారుతుంది. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, కృష్ణా గోదావరి తీరగ్రామాలవారు కలిసి దీనికి ఒక ఉపాయం అమలుచేశారు. పాయ నుంచి ఒక పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే అచ్చం చేపముల్లే! పోటులో నీరు లోపలికి వస్తుంది. ఆటులో వెనక్కి పోతూ ఉప్పును కడిగేస్తుంది. గట్ల వెంట నాటిన మొక్క నిలదొక్కుకుంటుంది.

ఇప్పుడు చిన్న లెక్క. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డై ఆక్సైడును పీల్చి కర్రగా మారుస్తుంది. ఎండుకర్రలో దాదాపు సగం కార్బనే. 20 కిలోల ఎండుకర్రలో 10 కిలోల కార్బన్ ఉంటుందన్నమాట. 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల వాయువులోంచి వస్తుంది. కనుక ఆ చెట్టు సుమారు 37 కిలోల వాయువును బంధించింది. అలాంటివి 27 చెట్లుంటే ఒక టన్ను. టన్నుకు ఒక ‘కార్బన్ క్రెడిట్’. పొగ వదిలే కంపెనీలు వీటిని డబ్బిచ్చి కొంటాయి. రాలిన ఆకులు గాలి ఆడని బురదలో త్వరగా కుళ్ళవు కాబట్టి, మడనేల కూడా బోలెడు కార్బన్‌ను దాచుకుంటుంది.

అయితే ఒక చిక్కుంది. కాలువలు పూడిపోతాయి. పూడిక తీసేదెవరు? పశువులు మేయకుండా చూసేదెవరు? ఊరివాళ్ళే. అడవి ప్రభుత్వానిది, క్రెడిట్ దూరాన ఉన్న కంపెనీది. మరి పలుగూ పారా పట్టిన జాలరికి దక్కేదెంత? అది మొదట్లోనే ఊరందరి ముందు కాగితం మీద తేలాలి. లేకుంటే నాలుగేళ్ళకు కాలువ పూడుతుంది, మొక్క చస్తుంది, అమ్మిన క్రెడిట్ ఉత్తి అబద్ధమవుతుంది. లెక్కపెట్టవలసింది నాటిన మొక్కలను కాదు, బతికిన చెట్లను.

మీరూ చేసి చూడండి. రెండు డబ్బాల్లో మట్టి నింపి, ఒకదానికి అడుగున రంధ్రం చేయండి. రెంటిలోనూ రోజూ ఒకే కొలత ఉప్పునీరు పోసి ఎండలో పెట్టండి. పదిరోజుల తర్వాత తెల్లటి ఉప్పుపొర ఎందులో ఎక్కువ కట్టింది? చేపముల్లు కాలువ ఎందుకు పూడకూడదో అప్పుడు మీకే తెలుస్తుంది.