గుండె మందులు వృథా కాకూడదంటే

పేద రోగి మందుల కోసం మీరిచ్చే ప్రతి రూపాయీ అమానత్. అది రోగి వేసుకునే మాత్రగా మారాలి గాని, అలమరాలో గడువు తీరిన స్ట్రిప్పుగా మిగలకూడదు. ఉజూ నీటిలో కూడా దుబారా తగదని నేర్చుకున్న మనం, మందుల దుబారా ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలి.

మొదటిది లెక్క. రోజుకొకటి వేసుకునే ఆస్పిరిన్ 14 మాత్రల స్ట్రిప్పులో వచ్చిందనుకుందాం. నెలకు 30 కావాలి. మూడు స్ట్రిప్పులిస్తే 12 మిగులుతాయి. ఇంట్లో ఎన్ని ఉన్నాయో అడగకుండా ప్రతినెలా మూడేసి ఇస్తే మూడు నెలలకు తొమ్మిది స్ట్రిప్పులు అవుతాయి, 36 మాత్రలు మిగులుతాయి. అడిగి ఇస్తే ఏడు స్ట్రిప్పులే చాలు. "మిగిలిన మందులు కూడా తీసుకురండి" అని ఫార్మసిస్టు ఒక్కమాట చెబితే సరిపోతుంది.

రెండవది మందు మారడం. రామిప్రిల్ కొందరికి పొడిదగ్గు తెస్తుంది. అప్పుడు డాక్టరు దాన్ని ఆపి వేరేది రాస్తారు. వార్ఫరిన్ మోతాదు ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్షను బట్టి మారుతుంది. అందువల్ల కొత్త మందు మొదట రెండు వారాలకే ఇచ్చి, ఒంటికి పడిందని తేలాక నెలకు సరిపడా ఇవ్వడం మేలు.

మూడవది పేర్లు. అటోర్వా, స్టోర్వాస్ రెండూ అటోర్వాస్టాటినే. ఆ సంగతి తెలియని రోగి రెండూ వేసుకుంటే ప్రమాదం, ఒకటి పక్కన పెడితే వృథా. కవరు మీద అసలు మందు పేరు, వేళ రోగి చదవగల భాషలో రాసివ్వాలి. స్ట్రిప్పు కత్తిరిస్తే గడువు తేదీ ఉన్న ముక్క రోగి దగ్గరే ఉండాలి.

నాలుగవది మన చేతిలోనిదే. రంజాన్‌లో దానాలు ఒక్కసారిగా వస్తాయి. ఆ ఊపులో ఆరు నెలల మందులు కొనిపెడతాం. ఈలోగా చీటీ మారిపోతుంది. దానికి బదులు సొమ్ము రోగి పేరున లెక్క రాసి, మందులు నెలనెలా ఇప్పించవచ్చు. జకాత్ సొమ్మైతే ఈ పద్ధతి గురించి ముందుగా ఉలమాను అడగాలి.

ఒక హెచ్చరిక. పొదుపు అంటే మోతాదు తగ్గించడం కాదు. స్టెంట్ వేసుకున్నవారు క్లోపిడోగ్రెల్ తమంతట తాము మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు. మిగిలిన మందులు పొరుగువారికి ఇవ్వడమూ సదఖా కాదు. ఒకరి గుండెకు మేలు చేసిన మాత్ర మరొకరికి కీడు చేయవచ్చు.

దాతలారా, ఈసారి మందులకు సాయం చేసేటప్పుడు ఎంత ఖర్చయిందని మాత్రమే కాక, ఇంట్లో ఎన్ని మిగిలాయని కూడా అడగండి. అలా ఆదా అయిన సొమ్ము వరుసలో ఎదురుచూస్తున్న మరో రోగికి మందవుతుంది.