రంధ్రం దక్షిణ ధ్రువం మీద, కొలతలు మన దగ్గర ఎందుకు?

చెన్నై ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి, 1960లలో ఓజోన్‌సోండ్‌ను మన దేశంలోనే తయారు చేయించారు. బెలూన్‌కు కట్టి వదిలితే అది సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. లోపలి చిన్న పంపు గాలిని పీల్చి పొటాషియం అయోడైడ్ ద్రావణంలోకి పంపుతుంది. ఆ గాలిలోని ఓజోన్ వల్ల అయోడిన్ విడుదలై, సన్నగా కరెంటు పుడుతుంది. అది ఎంతో రేడియో ద్వారా కిందికి తెలుస్తుంది. ఏ ఎత్తులో ఎంత ఓజోన్ ఉందో లెక్క తేలిపోతుంది. తమిళనాడులోనే కొడైకెనాల్ కొండ మీద, నేల నుంచే ఓజోన్‌ను లెక్కగట్టే డాబ్సన్ పరికరంతోనూ కొలిచారు.

ఓజోన్ రంధ్రం అంటార్కిటికా మీదైతే మనకెందుకీ శ్రమ అంటారా? ఓజోన్ ఎక్కువగా తయారయ్యేది ఎండ దండిగా కాసే ఉష్ణమండలంలోనే. పైగాలులు దాన్ని ధ్రువాల వైపు మోసుకుపోతాయి. పుట్టేచోట కొలవకపోతే తరుగు లెక్క ఎలా తేలుతుంది? ఉపగ్రహాలున్నాయిగా అనొచ్చు. ఉన్నాయి, కానీ 1985లో రంధ్రం సంగతి లోకానికి చెప్పింది అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో నేల మీదున్న డాబ్సన్ పరికరమే. నాసా ఉపగ్రహమూ ఆ తగ్గుదలను చూసింది. కానీ అంత తక్కువ అంకెలు అనుమానాస్పదమని మొదట గుర్తుపెట్టి ఉంచారు! పైగా అంతరిక్షంలో పరికరం పాతబడితే, దాని కొలతను నేల మీది కొలతతో పోల్చి సరిదిద్దాల్సిందే. ఓజోన్‌ను తగ్గించే రసాయనాలను అరికట్టే 1987 మాంట్రియల్ ఒప్పందంతో పని అయిపోయిందనడమూ తప్పే. అలా నిషేధించిన సీఎఫ్‌సీ-11 అనే వాయువు అనుకున్నంత వేగంగా తగ్గడం లేదని 2018లో గాలి నమూనాలే పట్టిచ్చాయి. ఆ గుట్టు బయటపడ్డాక, 2019 నాటికి దాని విడుదల బాగా తగ్గింది.