పాముకూ ఏనుగుకూ పోటీ.. గాలిగోపురమే కొలబద్ద!

కాళహస్తి కథ తెలిసిందే. పాము శివలింగం మీద మణులు పెడితే ఏనుగు తోసేసింది. ఏనుగు ఆకులు పెడితే పాముకు ఒళ్లు మండింది. చివరకు రెండూ పోయాయి. సోవియట్ యూనియన్, అమెరికాలదీ 1991 దాకా అదే వరస. వాటి పోరు అణుయుద్ధం దాకా రాలేదు గానీ రికార్డులు మాత్రం గుట్టలు పడ్డాయి. మన కాళహస్తి కొత్త గాలిగోపురం ఎత్తు 144 అడుగులు. దాంతోనే కొలుద్దాం!

అప్పట్లో అందరికన్నా ఎత్తు: మనిషిని చంద్రుడి మీదికి మోసిన అమెరికా రాకెట్ శాటర్న్-5. ఎత్తు 363 అడుగులు, అంటే రెండున్నర గోపురాలు! దానికి పోటీగా లేచిన సోవియట్ ఎన్-1 సుమారు 345 అడుగులు. 1969 నుంచి 1972 వరకు నాలుగుసార్లు ఎగిరింది. నాలుగుసార్లూ కూలింది.

బుల్లిది, ముసలిది: సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్-1 బరువు 83.6 కిలోలు. 1958లో అమెరికా పంపిన వాన్‌గార్డ్-1 కిలోన్నరే! కొబ్బరికాయంత గుండు. స్పుత్నిక్ మూడు నెలలకే కాలి బూడిదైంది. ఈ బుల్లిది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. కక్ష్యలో ఉన్న మానవ నిర్మిత వస్తువుల్లో ఇదే అతి పాతది.

బోర్లకే బోరు: సీమలో వెయ్యి అడుగులకు నీళ్లు పడకపోతే రైతు గుండె గుభేల్‌మంటుంది. సోవియట్ వాళ్లు కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలెట్టి, 1989 నాటికి 40,230 అడుగులు దించారు. 279 గోపురాలు ఒకదాని కింద ఒకటి! వెడల్పు మాత్రం 9 అంగుళాలు, మన బోరు కన్నా రెండు మూడంగుళాలే ఎక్కువ. అమెరికా 1961లో సముద్రం అడుగున 601 అడుగులు తవ్వి, 1966లో పథకానికే మంగళం పాడింది.

గాలికన్నా ముందు: ఇక్కడి నుంచి తిరుపతికి బస్సులో గంట. అమెరికా గూఢచారి విమానం ఎస్‌ఆర్-71కు 40 సెకన్లు చాలు! 1976 జులై 28న అది గంటకు 3,529 కిలోమీటర్ల వేగం అందుకుంది. తమాషా ఏమిటంటే, దాని ఒంటికి కావలసిన టైటానియంను చాటుమాటుగా కొన్నది సోవియట్ యూనియన్ నుంచే.

ఒకే తీరం, రెండు చేపలు: అమెరికాలో పుట్టి పాకిస్తాన్ చేరిన జలాంతర్గామి ఘాజీ 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగింది. సోవియట్‌లో పుట్టిన మన కురుసుర 31 ఏళ్లు కొలువు చేసి, 2002 నుంచి అదే ఊరి బీచ్‌లో మ్యూజియమైంది. పొడవు 91 మీటర్లు, రెండు గోపురాలను పడుకోబెట్టినంత. ఒకటి నీళ్ల అడుగున, ఒకటి ఇసుక మీద!

రెండు చేతులా సాయం: 1975 ఏప్రిల్ 19న 360 కిలోల మన ఉపగ్రహం ఆర్యభట్ట సోవియట్ రాకెట్ ఎక్కింది. ఆగస్టులో అమెరికా ఏటీఎస్-6 ఉపగ్రహం 30 అడుగుల గొడుగుతో, మన రాష్ట్రంతో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ చూపింది. ఐదేళ్లకు, 1980 జులై 18న, సగం గోపురమంత మన రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని సొంతంగా మోసుకెళ్లింది.

చిట్టచివరి మలుపు: 1991లో అతిశీతల ఇంధనంతో నడిచే క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ల కోసం మాస్కోతో ఒప్పందం. 1992లో అమెరికా ఆంక్షలు. రష్యా ఏడు ఇంజిన్లు అమ్మింది, గుట్టు మాత్రం ఇవ్వలేదు. మనవాళ్లు సొంతంగా చేసుకుని 2014 జనవరి 5న నెగ్గారు. 2025 జులై 30న, మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోటలోనే, గోపురాన్ని మించిన 170 అడుగుల జీఎస్ఎల్‌వీ రాకెట్ లేచింది. లోపల మన క్రయోజెనిక్ ఇంజిన్, పైన 2,393 కిలోల నైసార్ ఉపగ్రహం. అందులో ఒక రాడార్ అమెరికాది!